లార్జ్ ఫార్మాట్ ప్రింటింగ్: రంగు తెలిసినవారికే గిరాకీ

పెళ్లి ఫ్లెక్సీలో పెళ్లికూతురి ముఖం కమిలినట్టు ఎర్రగా వస్తే ఆ ఇంటివాళ్లు తీసుకోరు. ఎన్నికల వేళ పార్టీ గులాబీ రంగు వంగపండు రంగులోకి దిగితే ఆర్డర్ వెనక్కి వస్తుంది. 10 అడుగుల ఎత్తు, 20 అడుగుల వెడల్పు బ్యానర్ పాడైతే 200 చదరపు అడుగుల మెటీరియల్, దానికి పట్టిన ఇంకు, సమయం అన్నీ నష్టమే. అందుకే మెషిన్ నడపడంతో పాటు తప్పు ఎక్కడుందో పట్టగలిగినవారికి ఈ రంగంలో విలువ ఎక్కువ.

మొదట నాజిల్ చెక్

ఏ ఫిర్యాదు వచ్చినా ముందు నాజిల్ (హెడ్‌లో ఇంకు చిమ్మే సన్నటి రంధ్రం) చెక్ ప్రింట్ తీయండి. సయాన్, మజెంటా, యెల్లో, బ్లాక్ గీతలు ఎక్కడా తెగకుండా రావాలి. తెగితే ఒకసారి హెడ్ క్లీనింగ్ చేసి మళ్లీ తీయండి. రెండు ప్రింట్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎప్పుడూ ఒకే చోట గీత పోతుంటే అక్కడి నాజిల్ మూసుకుపోయి ఉండొచ్చు. ప్రతిసారీ వేరే చోట పోతుంటే ఇంకు లైన్లోకి గాలి చేరిందేమో అనుమానించి, హెడ్‌కు ఇంకు వెళ్లే దారిలోని డ్యాంపర్, ట్యూబులు చూడాలి. హెడ్‌ను మూసి ఉంచే క్యాపింగ్ స్టేషన్, తుడిచే వైపర్ మురికిగా ఉంటే ఎన్నిసార్లు క్లీనింగ్ చేసినా ఇంకు దండగే.

నాజిళ్లన్నీ బాగున్నా అడ్డంగా సన్నటి తెల్లగీతలు వస్తే మెటీరియల్ కాస్త ఎక్కువగా జరుగుతున్నట్టు. నల్లటి గీతలు వస్తే తక్కువగా జరుగుతున్నట్టు. ఫీడ్ క్యాలిబ్రేషన్‌తో సరిచేయాలి. అక్షరాల అంచులు జంటగా కనిపిస్తే బై-డైరెక్షనల్ అలైన్‌మెంట్, హెడ్ ఎత్తు చూసుకోవాలి.

ఫైల్‌ను వదిలి మెషిన్‌ను దిద్దండి

రంగు తేడా వచ్చిన ప్రతిసారీ ఫొటోషాప్‌లో ఫైల్‌ను మార్చడం చాలామందికి అలవాటు. ఆ జాబ్ గట్టెక్కుతుంది, రేపటి జాబ్‌లో తేడా మళ్లీ మామూలే. అసలు పని, ఫైల్‌ను ప్రింటర్ వేసే చుక్కలుగా మార్చే రిప్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. మొదట ఇంకు లిమిట్ పెట్టాలి, లేదంటే రంగు ముద్దలా పేరుకుని ఆరదు. తర్వాత లీనియరైజేషన్. మెటీరియల్ మీద చుక్క వ్యాపించడం వల్ల ఫైల్‌లో 50 శాతం ఉన్న రంగు ప్రింటులో ముదిరిపోతుంది. దాన్ని దారికి తెచ్చేది ఇదే. చివర్లో రంగుల చార్టు ప్రింట్ తీసి, ఆరనిచ్చి, స్పెక్ట్రోఫొటోమీటర్‌తో కొలిచి ఐసీసీ ప్రొఫైల్ (ఆ మెటీరియల్‌పై రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైల్) తయారుచేయాలి. నాజిళ్లు పోయిన మెషిన్‌పై చేసిన ప్రొఫైల్ ఎందుకూ పనికిరాదు. ఫ్లెక్స్, వినైల్, కాన్వాస్ దేనికదే ప్రొఫైల్ ఉండాలి. ఇంకు కంపెనీ మారినా, పాస్‌ల (ఒకే చోట హెడ్ ఎన్నిసార్లు తిరుగుతుందనే) సంఖ్య మారినా కొత్తది చేసుకోవాలి.

ఎక్కడ నేర్చుకోవాలి?

పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి సికింద్రాబాద్‌లోని ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రింటింగ్ టెక్నాలజీలో డిప్లొమా చేయవచ్చు. ఐటీఐ, ఇంటర్ చదివినవారు ప్రింటింగ్ యూనిట్‌లో హెల్పర్‌గా చేరి, ఆపరేటర్‌గా, రిప్ టెక్నీషియన్‌గా, సర్వీస్ ఇంజినీర్‌గా ఎదగవచ్చు. 100 మైక్రాన్ల లోపు ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లపై 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది. కాబట్టి ఫ్లెక్స్ ఒక్కటే నమ్ముకోకుండా గుడ్డపై ప్రింటింగ్, సబ్లిమేషన్, వాహనాల బ్రాండింగ్ కూడా నేర్చుకోండి. సాల్వెంట్ ఇంకు దగ్గర గాలి ఆడే గది, గ్లవ్స్, తగిన మాస్కు తప్పనిసరి. మీ ఊపిరితిత్తులు ఏ ఆర్డర్ కన్నా విలువైనవి.

పనిలో చేరిన మొదటి రోజు నుంచే ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, మెటీరియల్, ప్రొఫైల్, హీటర్ ఉష్ణోగ్రత, వచ్చిన సమస్య, దొరికిన కారణం, చేసిన మరమ్మతు రాయండి. నాజిల్ చెక్ ప్రింట్లను అందులోనే అతికించండి. ఇంటర్వ్యూకు సర్టిఫికెట్లతో పాటు ఆ పుస్తకాన్నీ తీసుకెళ్లండి. మీకు పని వచ్చో రాదో యజమానికి రెండు పేజీలు తిప్పగానే తెలిసిపోతుంది.