కొత్త పలకలు, సానచక్రములు: పుట్టుక, వాడుక, జాగ్రత్త

పంచాయతీ కార్యాలయమునకు తలుపులు వేయించుట, పాఠశాలకు బల్లలు కొనుట, అంగన్‌వాడీ కేంద్రపు పైకప్పు మార్పించుట వంటి పనులు నేడు పంచాయతీ సభ్యుల చేతిమీదుగా జరుగుచున్నవి. పూర్వము ఈ పనులకు టేకు, మద్ది, వేప మున్నగు కలపనే వాడుచుండిరి. ఇప్పుడు సరఫరాదారులు పంపు కొటేషనులలో ప్లైవుడ్డు, పార్టికల్ బోర్డు, ఎం.డి.ఎఫ్., జిప్సం బోర్డు, సన్‌మైకా అను పేర్లే హెచ్చుగా కనిపించుచున్నవి. వీనిని కోయుటకును నునుపు చేయుటకును విద్యుచ్ఛక్తితో తిరుగు చక్రములు వచ్చినవి. చూపునకు ఒకే తీరున నుండు రెండు పలకలలో ఒకటి ఏండ్ల తరబడి నిలుచును. మరియొకటి ఒక్క వానకాలములో ఉబ్బి పొడి పొడిగా రాలిపోవును. పలక చెడినచో ధనము మాత్రమే నష్టము. చక్రము పగిలినను, దాని ధూళి రొమ్ములో చేరినను ప్రాణమునకే హాని. కావున ఈ వస్తువులు ఎట్లు పుట్టినవి, వేనితో చేయబడుచున్నవి, కొనునప్పుడును వాడునప్పుడును ఏమి చూడవలెను అను విషయములను ఈ వ్యాసమున వివరింతుము.

మూలసూత్రము

పలకలు, వానిపై అతికించు పొరలు, సానచక్రములు వేర్వేరు వస్తువులుగా తోచును. కాని వీనిలో చాలవాని తయారీకి సూత్రమొక్కటే. కలప పొట్టును గాని, నారను గాని, కాగితమును గాని, గట్టి రవ్వలను గాని ఒక జిగురుతో కలిపి, వేడిమిని ఒత్తిడిని ప్రయోగించి ఒకే ముద్దగా చేయుదురు. ముద్ద యొక్క బలము ఆ జిగురును బట్టి యుండును.

ఈ సూత్రము మన దేశమునకు కొత్తది కాదు. మన సానపట్టువారు కురువిందపు రాతిని పొడిచేసి, కరగించిన లక్కతో కలిపి చక్రములుగా చేసి, వానిపై రత్నములకు సాన పట్టుచుండిరి. ఇంగ్లీషున ఆ రాతికిగల ‘కొరండం’ అను పేరు కురువిందము, కురుందము అను మన దక్షిణ దేశపు మాటలనుండియే ఏర్పడినది. లక్క ప్రకృతి ఇచ్చిన జిగురు. విద్యుత్పరిశ్రమ పెరిగిన కొలది తీగలకు, పరికరములకు పూయుటకు మన దేశపు లక్కకు గిరాకి హెచ్చెను. దానికి బదులు వస్తువును వెదకుచు, బెల్జియములో జన్మించి అమెరికాలో స్థిరపడిన లియో బేక్‌లాండ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1907లో ఫినాలు, ఫార్మాల్డిహైడు అను రెండు పదార్థములనుండి ఒక కృత్రిమ జిగురును సాధించెను. అదియే బేకలైటు. లక్క వేడికి మరల కరగును. బేకలైటు ఒకసారి గట్టిపడిన పిమ్మట కరగదు, నీటిలో నానదు. మన యిండ్లలోని పాత నల్లని స్విచ్చులు ఈ పదార్థముతో చేసినవే.

పలకల రకములు

కలప తన పొడవున దాదాపు మారదు గాని, అడ్డముగా తడికి ఉబ్బి ఎండకు కుదించుకొనును. పలుచని కలప పొరలను ఒకదాని నార నిలువుగను, తరువాతిదాని నార అడ్డముగను ఉండునట్లు అతికించినచో ఒక పొర కదలికను మరియొకటి అడ్డగించును. ఇదియే ప్లైవుడ్డు. రెండు ముఖములును సమముగా లాగుటకై పొరలు మూడు, ఐదు, ఏడు అను బేసి సంఖ్యలో నుండును. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరమున 1905లో జరిగిన ప్రదర్శనలో ఇట్టి పలకలను ఉంచినప్పటినుండి ఈ పరిశ్రమ అచ్చట వ్యాపించెను.

1924లో విలియం మేసన్ అను అమెరికా దేశీయుడు కోత మిల్లుల వ్యర్థమును వినియోగించు మార్గము కనుగొనెను. పేళ్లను మూసిన పాత్రలో అధిక పీడనముగల ఆవిరికి గురిచేసి, ఆవిరిని ఒక్కసారిగా విడిచినచో అవి పగిలి దూదివలె నారగా మారును. ఆ నారను వేడి మరల మధ్య నొత్తినప్పుడు కలపలో సహజముగా నున్న బంధక పదార్థమే దానిని పలకగా అతికించును. ఇది హార్డుబోర్డు. 1940 ప్రాంతమున జర్మనీలో కలప ముక్కలను కృత్రిమ జిగురుతో కలిపి పార్టికల్ బోర్డు చేసిరి. 1960 తరువాత అమెరికాలో సన్నని నారతో ఎం.డి.ఎఫ్. వచ్చెను. నీలగిరి వంటి త్వరగా పెరుగు చెట్లు దీనికి చాలును. ఆంధ్రప్రదేశమున శ్రీకాళహస్తి ప్రాంతమునందు ఇట్టి పలకల కర్మాగారము కలదు.

సుద్దవంటి జిప్సమును కాగితముల నడుమ నుంచిన పలకకు అగస్టిన్ సాకెట్ అను నాతడు 1894లో పేటెంటు పొందెను. జిప్సములో నీరు రసాయనముగా ఇమిడి యుండుటచే అది మంటను కొంతసేపు ఆపును. కాని కప్పు కారు గదులకు, నేల తడియు చోట్లకు ఇది పనికిరాదు.

కలపతోనే కాక వెదురుతోను పలకలు చేయవచ్చును. బెంగుళూరునందలి భారత ప్లైవుడ్ పరిశ్రమల పరిశోధన సంస్థ వెదురు తడికలకు జిగురు పట్టించి ఒత్తి, బోర్డులను, కప్పునకు తగిన ముడుతల రేకులను రూపొందించినది.

కొనునప్పుడు జిగురును గూర్చి అడుగవలెను. సామాన్య ప్లైవుడ్డుకు భారత ప్రమాణము ఐ.ఎస్. 303. ఇందు ఎం.ఆర్. అను రకము తేమను మాత్రమే కొంతవరకు సహించును. దానిని గది లోపల వాడవలెను. బి.డబ్ల్యు.ఆర్. అను రకము మరుగు నీటి పరీక్షకు తట్టుకొనును. నీరు విశేషముగా తగులు చోట ఐ.ఎస్. 710 ప్రకారము చేసిన మెరైన్ ప్లైవుడ్డు తగినది. చవుక యూరియా జిగురు పలకలనుండి ఫార్మాల్డిహైడు వాయువు కొంతకాలము వెలువడుచుండును. ఇది క్యాన్సరు కలిగించు పదార్థమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో నిర్ణయించినది. కావున కొత్త బల్లలు వేసిన తరగతి గదుల కిటికీలను కొన్ని వారములపాటు బాగుగా తెరచి యుంచవలెను.

రాతినార రేకులు

సిమెంటు రేకులను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. 1901లో ఆస్ట్రియా దేశీయుడు లుడ్విగ్ హాట్‌షెక్ సిమెంటులో రాతినార, అనగా ఆస్‌బెస్టాసు, కలిపి పలుచని రేకులు చేయు పద్ధతికి పేటెంటు పొందెను. అవి తుప్పు పట్టవు, కాలవు, చవుక. అందుచే లోకమంతటను వ్యాపించెను. కడప జిల్లా పులివెందుల ప్రాంతమునను ఈ ఖనిజమును త్రవ్విరి. అయితే దీని సన్నని పోగులు ఊపిరితో లోపలికి పోయి, తిరిగి రాక, ఇరువది ముప్పది యేండ్ల తరువాత ఊపిరితిత్తుల జబ్బును, క్యాన్సరును కలిగించునని తేలినది. 1995లో మన సుప్రీంకోర్టు ఈ పరిశ్రమలలోని కార్మికుల ఆరోగ్యరక్షణకై తీర్పు నిచ్చినది. ఏబదికి పైగా దేశములు దీనిని నిషేధించినవి.

పగులక స్థిరముగా నున్న రేకు నుండి భయము తక్కువ. దానిని కోసినప్పుడు, తొలిచినప్పుడు, పగులగొట్టినప్పుడు పోగులు గాలిలో కలియును. కావున పాత రేకులను గ్రైండరుతో ఎన్నడును కోయరాదు. తీయవలసి వచ్చినచో నీటితో తడిపి, మరలు విప్పి, పగులకుండ దింపి, దళసరి పాలిథీన్ గుడ్డలో చుట్టి యుంచవలెను. పిల్లలు లేని దినమున ఈ పని జరుపవలెను. ముక్కలను బాటలో గుంతలు పూడ్చుటకు వాడరాదు.

పైపొరలు

బల్లలపై అతికించు మెరయు పొరను మన ఊళ్లలో సన్‌మైకా అందురు. నిజమునకు అది ఒక వ్యాపార నామము. దీని కథలో మన ప్రాంతమునకును సంబంధము గలదు. పూర్వము విద్యుత్పరికరములలో అభ్రకపు పొరలు వాడుచుండిరి. గూడూరు ప్రాంతపు గనుల అభ్రకము విదేశములకు ఎగుమతి యగుచుండెను. 1913 ప్రాంతమున అమెరికాలో డేనియల్ ఓకానర్, హెర్బర్ట్ ఫేబర్ అను ఇరువురు ఇంజనీర్లు బేకలైటు జిగురు పట్టించిన పొరలతో అభ్రకమునకు బదులు వస్తువు చేసి, ‘ఫార్మైకా’ అని పేరు పెట్టిరి. అభ్రకమునకు బదులని దాని అర్థము. నేటి పొరలో అభ్రకము లేశమును లేదు. లోపల ఫినాలు జిగురు పీల్చిన గోధుమరంగు కాగితములు, పైన మెలమైను జిగురు పీల్చిన రంగు కాగితము ఉండును. వీనిని ఉక్కు పలకల నడుమ సుమారు 130 నుండి 150 డిగ్రీల వేడిలో గట్టిగా నొత్తుదురు. దీనికి ప్రమాణము ఐ.ఎస్. 2046.

పొరను పలకకు ఒక ప్రక్క మాత్రమే అతికించినచో పలక వంగును. రెండవ ప్రక్కను కూడ పొర వేయింపవలెను. అంచులు మూయనిచో తడి అచ్చటినుండియే దూరును. బల్ల నాణ్యము తెలియుటకు పైమెరుపును గాక అంచును, అడుగును చూడవలెను.

సానచక్రములు

1891లో ఎడ్వర్డ్ ఆచెసన్ అను అమెరికా దేశీయుడు కృత్రిమ వజ్రము చేయగోరి, బంకమట్టిని కోకు పొడిని ఇనుప గిన్నెలో కలిపి విద్యుత్తుతో కాచెను. వజ్రము రాలేదు, గాజును గీయు మెరపు స్ఫటికములు కొన్ని వచ్చెను. బొగ్గు, కురువిందము కలిసినవని భ్రమించి వానికి ‘కార్బోరండం’ అని పేరు పెట్టెను. నిజమునకు అది సిలికాన్ కార్బైడు. 1895లో నయాగరా జలపాతము కడ చవుక విద్యుత్తుతో కర్మాగారము వెలసెను. దాదాపు అదే కాలమున బాక్సైటును కరగించి కృత్రిమ కురువిందమును చేయ నేర్చిరి. రాయికి, పోత ఇనుమునకు సిలికాన్ కార్బైడు చక్రము, ఉక్కునకు కురువిందపు చక్రము తగును.

చక్రముపై ‘ఎ 46 కె 5 వి’ వంటి గుర్తు ఉండును. మొదటి అక్షరము రవ్వ జాతి; ఎ అనగా కురువిందము, సి అనగా సిలికాన్ కార్బైడు. 46 అనునది రవ్వ పరిమాణము. అంకె పెరిగిన కొలది రవ్వ సన్నము. కె అనునది జిగురు పట్టు. ఎ నుండి జెడ్ వరకు పోయిన కొలది గట్టి. 5 రవ్వల నడుమ నెడము. చివరి వి అనగా కుండవలె కాల్చిన మట్టి బంధకము. బి అనగా బేకలైటు జాతి జిగురు. మొక్కవోయిన రవ్వ ఊడిపోయి క్రొత్త రవ్వ బయటపడవలెను. అందుచే గట్టి లోహమునకు మెత్తని పట్టుగల చక్రము వాడవలెనను నియమము ఏర్పడినది.

నిమిషమునకు 11,000 చుట్లు తిరుగు 100 మిల్లీమీటర్ల చక్రపు అంచు గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగముతో పోవును. అది పగిలినచో ముక్కలు ఆ వేగముతోనే ఎగురును. చక్రముపై ముద్రించిన వేగము యంత్రపు వేగమునకు తక్కువ కారాదు. పెద్ద చక్రము పట్టుటకై కవచము విప్పరాదు. గ్రైండరుకు కలప కోయు పండ్ల రంపపు బిళ్ల తగిలింపరాదు. కాలపరిమితి ముద్రించిన చక్రమును గడువు దాటిన పిమ్మట వాడరాదు. కమ్మరి కొట్టములోని కాల్చిన చక్రమును బిగించుటకు ముందు కర్రపిడితో మెల్లగా తట్టి చూడవలెను. ఖంగున మ్రోగినచో మంచిది, బొద్దు శబ్దము వచ్చినచో పగులు గలదు.

ధూళి దీనికన్న నెమ్మదిగా చంపును. గ్రానైటును, ఇసుకరాతిని, కాంక్రీటును పొడిగా కోసినప్పుడు లేచు సిలికా ధూళిచే సిలికోసిస్ అను జబ్బు వచ్చును. దానిని నయము చేయు మందు లేదు. క్షయకును అది దారి తీయును. ముక్కునకు కట్టిన తువ్వాలు ఈ ధూళిని ఆపజాలదు. 1921లో ఫ్రాన్సిస్ ఓకీ అను నాతడు తడిలో వాడదగిన గరుకు కాగితము కనుగొన్నప్పుడు కర్మాగారములలో ధూళి చాల తగ్గెను. నీరు పోయుచు కోయుటయే నేటికిని ఉత్తమ మార్గము. అందుకై చేసిన యంత్రమునే వాడి, విద్యుత్తు తగులకుండ జాగ్రత్త వహింపవలెను.

పంచాయతీ చేయదగినవి

1. కొటేషనులో ‘ప్లైవుడ్డు బల్ల’ అని మాత్రమే గాక ప్రమాణపు సంఖ్య, రకము, మందము వ్రాయింపవలెను. సరుకు వచ్చినప్పుడు ఐ.ఎస్.ఐ. గుర్తును సరిచూడవలెను.

2. ఒక చిన్న ముక్కను ఒక రాత్రి నీటిలో నానవేసి చూడవలెను. అంచు ఉబ్బినచో తడి చోట్లకు అది తగదు.

3. కొత్త పైకప్పులకు రాతినార లేని రేకులే కావలెనని తీర్మానమున వ్రాయవలెను.

4. కూలీలకు కంటి అద్దములు, ఎన్-95 ముసుగులు, కోతకు నీరు సమకూర్చు బాధ్యతను కాంట్రాక్టు షరతులలో చేర్చవలెను.

ఈ నాలుగింటికి అయ్యెడు వ్యయము స్వల్పము. పాఠశాల బల్ల పది తరగతుల పిల్లలకు ఉపయోగపడవలెను. దానిని చేసిన వడ్రంగి, రాయి కోసిన కూలీ కూడ మన గ్రామస్థులే. బిల్లుపై సంతకము చేయుటకు ముందు సభ్యులు స్వయముగా పని జరుగు చోటికి పోయి పలక అంచును, చక్రముపై ముద్రను, పనివాని ముసుగును పరిశీలింతురుగాక అని మేము కోరుచున్నాము.