పెట్టెలో పెట్టె: కంప్యూటరు లెక్కలలో రకముల పరీక్ష

పంచాయతీల ఇంటిపన్ను లెక్కలు నేడు కంప్యూటరులో ఉంచబడుచున్నవి. ఇట్టి లెక్కల ప్రోగ్రాములను వ్రాయుటకు పనికివచ్చు భాషలలో జావా ఒకటి. దీనిని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1995లో వెలువరించినది. అందు లెక్కలు ఎట్లు భద్రపరుపబడునో సభ్యులు కొంత తెలిసికొనుట మేలని మేము తలంచుచున్నాము.

గ్రామమునకొక పెద్ద పెట్టె గలదనుకొందము. అందు వార్డునకొక చిన్న పెట్టె, ప్రతి చిన్న పెట్టెలోను ఇంటికొక చీటి ఉండును. చీటిపై చెల్లింపవలసిన పన్ను మొత్తముండును. జావాలో ఈ పెద్ద పెట్టెను మ్యాప్ అనియు, చిన్న పెట్టెను లిస్ట్ అనియు అందురు. 3వ వార్డులో 5వ ఇంటి పన్ను తెలియవలెనన్నచో, మొదట మ్యాప్‌నకు 3 అని చెప్పి లిస్ట్‌ను గైకొని, పిదప ఆ లిస్ట్‌నకు 4 అని చెప్పవలెను. ఏలయనగా లిస్ట్‌లో లెక్క 0తో మొదలగును.

2004కు పూర్వము పెట్టెనుండి తీసిన దానిని జావా ‘ఏదో ఒక వస్తువు’ అని మాత్రమే ఎరుగును. అది లిస్ట్ అనియో, సంఖ్య అనియో ప్రోగ్రాము వ్రాయువాడు ప్రతిసారి చెప్పవలసియుండెను. అట్లు చెప్పుటయే కాస్టింగ్. ఇది వస్తువును మార్చదు. వడ్ల బస్తాపై కందులని వ్రాసినంతమాత్రమున వడ్లు కందులు కావు గదా! చీటిలో 250 అనునది సంఖ్యగా గాక అక్షరములుగా వ్రాయబడియుండగా దానిని సంఖ్య యని చెప్పినచో, ప్రోగ్రాము నడుమనే ఆగిపోవును. పన్ను కట్టవచ్చిన వానికి రసీదు రాదు. అక్షరములను సంఖ్యగా మార్చుటకు వేరుగా ఆజ్ఞ కలదు.

2004లో వెలువడిన 5వ జావాలో జెనెరిక్స్ అను సదుపాయము వచ్చినది. పెట్టెలో ఉండదగిన రకమును ముందే వ్రాసియుంచవచ్చును. తప్పు రకము వేయబోయినచో, ప్రోగ్రాము నడువకమునుపే కంపైలరు దానిని నిరాకరించును.

అయినను ఒక మెలకువ అవసరము. రకము వ్రాయని పాత పెట్టెను తెచ్చి, కాస్టింగ్‌తో రకమును అంటగట్టినచో, నడుచునపుడు జావా పరీక్షించునది వెలుపలి పెట్టెను మాత్రమే. లోపలి చీటీలను చూడదు. కంపైలరు హెచ్చరిక మాత్రమే చేయును. తప్పు చీటి ఎన్ని దినములకో, దానిని తీసినపుడు గాని బయటపడదు.

కావున ప్రోగ్రాము చేయించునపుడు సభ్యులు మూడు ప్రశ్నలు అడుగవలెను. లోపలి పెట్టెలకును రకము వ్రాసినారా? కంపైలరు హెచ్చరికలను విచారించినారా? లేని వార్డు సంఖ్య చెప్పినచో మ్యాప్ నల్ అనగా శూన్యము నిచ్చును గనుక, లిస్ట్‌ను తెరచుటకు ముందు దానిని పరీక్షించుచున్నారా? పాత లెక్కలను కొత్త ప్రోగ్రామునకు మార్చునపుడు ప్రతి చీటిని వేరువేరుగా పరీక్షింపజేయుట క్షేమకరము. నేడు పడు ఈ కొద్ది శ్రమ పన్ను వసూలు దినమున ప్రజలకు కలుగు ఇబ్బందిని తొలగించును.