కలివికోడి నేర్పిన పాఠము

నూజివీడు మామిడితోట కాపరికి ఏ పిట్ట ఏ వేళ కూయునో తెలియును. ఇట్టి ఎరుక శాస్త్రమునకును అవసరమే. 1929లో వెర్నే శాస్త్రీయ బృందము తూర్పు కనుమలను గాలించి, ఏ పక్షి ఏ కొండపై నివసించునో నమూనాలతో నమోదు చేసినది. నాటి అడవితో నేటి అడవిని పోల్చుటకు అదియే ఆధారము. అయినను, 1900 తరువాత కానరాని కలివికోడి వారికి చిక్కలేదు. అది పగలు పొదలలో నక్కి, రాత్రి తిరుగు పక్షి. తుదకు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు కడప జిల్లా గ్రామస్థులకు బొమ్మ చూపి అడిగిరి. 1986 జనవరిలో స్థానికుడొకడు రాత్రివేళ దానిని పట్టి చూపెను! 1988లో ఆ లంకమల అడవి అభయారణ్యమైనది. కావున సోదరులారా, పరిశోధకుడు మీ ఊరికి వచ్చినపుడు మీరెరిగినది సంకోచింపక చెప్పుడు.