పాదముద్రల సాక్ష్యం

ఉద్దేశం: వింత విషయాన్ని వినగానే నమ్మడం గాని, వినగానే తోసిపుచ్చడం గాని వివేకం కాదు. దానిని పరీక్షించే పద్ధతిని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

గుంటూరు బ్రాడీపేటలోని ఒక అడ్డరోడ్డులో సాయంవేళ కొత్తగా సిమెంటు పోశారనుకుందాం. తెల్లవారేసరికి దానిపై ఒక కుక్క అడుగులు, ఒక బాలుని పాదముద్రలు గట్టిపడి ఉన్నాయి. వారు నడుస్తుండగా ఎవరూ చూడలేదు. అయినా ఇద్దరూ సిమెంటు ఆరకముందే ఆ దారిన వెళ్ళారని చెప్పగలం. కుక్క అడుగుపై బాలుని పాదం పడి ఉంటే కుక్కే ముందు నడిచిందని కూడా చెప్పగలం.

శిలాజ పాదముద్రలు ఏర్పడే తీరు కూడా ఇటువంటిదే. తడి మట్టిలోనో, అగ్నిపర్వతం చిమ్మిన బూడిదలోనో ప్రాణి అడుగు పడుతుంది. ఆ ముద్ర చెరిగిపోకముందే ఆరి గట్టిపడుతుంది. దానిపై మరొక పొర కప్పుకొంటుంది. లక్షల, కోట్ల సంవత్సరాలలో ఆ పొరలన్నీ రాయిగా మారుతాయి. ఏ నదీ ప్రవాహమో పై పొరను కోసివేసినప్పుడు అడుగులు మళ్ళీ వెలుగు చూస్తాయి.

అయితే ఒకే రాతి పొరపై డైనోసార్ అడుగుల పక్కన మనిషి అడుగులు కనిపిస్తే ఏమనుకోవాలి? ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి వద్ద లభించిన కోటాసారస్ అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రంలో మనం చూడవచ్చు. అటువంటి డైనోసార్లు దాదాపు 6.6 కోట్ల సంవత్సరాల క్రితమే అంతరించాయి. మనవంటి మానవులు పుట్టి సుమారు 3 లక్షల సంవత్సరాలు మాత్రమే అయింది. కనుక డైనోసార్ల కాలపు రాతిలో నిజమైన మనిషి అడుగు ఒక్కటి దొరికినా భూమి చరిత్రను తిరిగి రాయవలసి వస్తుంది. ఈ వివాదానికి అంత ప్రాధాన్యం కలగడానికి కారణమదే.

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో గ్లెన్‌రోజ్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి పాలక్సీ నది గర్భంలో సుమారు 11 కోట్ల సంవత్సరాల నాటి సున్నపురాతి పొరలున్నాయి. 1908లో వచ్చిన పెద్ద వరద తరువాత వాటిపై మూడు వేళ్ళ డైనోసార్ ముద్రలు బయటపడ్డాయి. వాటితోపాటు మనిషి పాదాన్ని తలపించే పొడవాటి ముద్రలు కూడా ఉన్నాయని స్థానికులు చెప్పసాగారు.

1930 తరువాతి ఆర్థిక మాంద్యంలో జీవనోపాధి కరువైంది. అప్పుడు కొందరు రాళ్ళపై పెద్ద పెద్ద పాదాలు చెక్కి యాత్రికులకు అమ్ముకున్నారు. న్యూయార్కులోని అమెరికా ప్రకృతి చరిత్ర ప్రదర్శనశాలకు చెందిన రోలండ్ బర్డ్ 1938లో అటువంటి రాళ్ళను చూచి అనుమానించాడు. అయినా అంతటితో ఆగక గ్లెన్‌రోజ్‌కు వెళ్ళాడు. అక్కడ అతనికి మహాకాయ డైనోసార్ల అసలైన అడుగుజాడలు దొరికాయి. నకిలీ రాయి అతనిని నిజమైన రాతి వద్దకు చేర్చింది!

చెక్కిన పాదాన్ని గుర్తించే మార్గమొకటి ఉంది. ప్రాణి బరువు పడినప్పుడు అడుగు కింది మట్టి పొరలు నొక్కుకొని వంగుతాయి. ఉలితో చెక్కినప్పుడు పొరలు వంగవు, తెగుతాయి. రాతిని అడ్డంగా కోసి చూస్తే ఈ తేడా తెలుస్తుంది.

ఇక్కడ ఒక మాట గమనించాలి. చెక్కిన పాదాలన్నీ మోసాలు కావు. గుంటూరుకు సమీపంలోని అమరావతిలో శిల్పులు చక్రచిహ్నంతో బుద్ధపాదాలను మలిచారు. అవి బుద్ధుని సన్నిధికి సంకేతాలు. భక్తితో మలిచిన శిల్పానికి, శిలాజమని నమ్మించి అమ్మిన రాతికి భేదం ఉంది.

నది గర్భంలోనే ఉన్న పొడవాటి ముద్రల సంగతి మాత్రం చాలాకాలం తేలలేదు. భూమి వయస్సు కొన్ని వేల సంవత్సరాలేనని విశ్వసించే కొందరు వాటిని మనిషి అడుగులుగా ప్రచారం చేశారు. 1972లో వాటిపై ఒక చలనచిత్రం కూడా వచ్చింది. 1980 నుండి గ్లెన్ క్యూబన్ అనే పరిశోధకుడు అక్కడి ముద్రలను ఒక్కొక్కటిగా కొలిచి పరిశీలించాడు. చివరకు చిక్కు విడింది.

ఆ సమాధానం మన రైతుబిడ్డలకు సులభంగా బోధపడుతుంది. వాన వెలిసిన వెంటనే పత్తి చేలో నల్లరేగడిపై నడిచి చూడండి. కాలు లోతుగా దిగుతుంది. పైకి తీయగానే పక్కనున్న బురద జారి వేళ్ళ గుర్తులను పూడ్చివేస్తుంది. మిగిలేది ఒక పొడవాటి గుంట. నడిచినది ఎవరో చెప్పడం కష్టం. పాలక్సీ తీరంలోనూ ఇటువంటిదే జరిగింది. సాధారణంగా వేళ్ళపై నడిచే డైనోసార్లు అక్కడ కొన్నిచోట్ల పాదం వెనుక భాగాన్ని కూడా ఆనించి నడిచాయి. వేళ్ళ గుర్తులు బురదతో, ఒండ్రుతో పూడిపోగా మిగిలిన పొడవాటి భాగం మనిషి పాదంలా కనిపించింది. పూడిక రాయి చుట్టూ ఉన్న రాతికి భిన్నమైన రంగులో ఉండటం వల్ల, మూడు వేళ్ళ రూపం 1984లో స్పష్టంగా బయటపడింది. మరికొన్ని ముద్రలు నీటి కోతవల్ల ఏర్పడిన గుంటలని తేలింది.

తరువాత ఆ చలనచిత్రాన్ని ప్రదర్శన నుండి ఉపసంహరించుకున్నారు. ఆ ముద్రలను సాక్ష్యంగా చూపడం ఇక తగదని ఆ పక్షానికే చెందిన జాన్ మోరిస్ 1986లో రాశాడు. తన వాదానికి బలమిచ్చే సాక్ష్యాన్ని తానే వదులుకోవడం తేలిక కాదు.

అంతమాత్రాన అనుమానమే ఎల్లప్పుడూ గెలుస్తుందని భావించరాదు. టాంజానియాలోని లేటోలీ వద్ద మేరీ లీకీ బృందం 1976లో కొన్ని వింత అడుగులను, 1978లో మరికొన్ని స్పష్టమైన అడుగులను కనుగొంది. అవన్నీ సుమారు 36 లక్షల 60 వేల సంవత్సరాల నాటి బూడిదలో పడినవి. రెండవసారి దొరికినవి మానవుని పూర్వజాతులవని ఒప్పుకున్న పండితులలో కొందరు, మొదటివి రెండు కాళ్ళపై నడిచిన ఎలుగుబంటివి కావచ్చునన్నారు. ఆ అడుగులు దాదాపు మరుగున పడ్డాయి. 2019లో వాటిని మళ్ళీ తవ్వి, ఎలుగుబంట్ల, చింపాంజీల, మనుషుల అడుగులతో పోల్చి చూశారు. అవి ఎలుగుబంటివి కావని, మానవ వంశానికే చెందిన వేరొక జాతివని 2021లో ప్రకటించారు.

ఒకచోట నమ్మకం తొందరపడింది. మరొకచోట సందేహం తొందరపడింది. రెండింటినీ సరిదిద్దినది తిరిగి కొలిచి చూచిన ఓపికే. రాతిలోని అడుగు అబద్ధమాడదు. దానిని చదివే మనమే పొరబడతాం. పొరబడటం దోషం కాదు. రుజువు ఎదుట నిలిచినప్పుడు మాట మార్చుకోకపోవడమే దోషం.

అర్థాలు
శిలాజం : రాయిగా మారిన ప్రాచీన జీవి అవశేషం లేదా జాడ
మహాకాయ : పెద్ద శరీరం గల
ఒండ్రు : నీటి ప్రవాహం తెచ్చి వేసే మెత్తని మట్టి
ఉపసంహరించుకొను : వెనుకకు తీసుకొను

ప్రశ్నలు
1. శిలాజ పాదముద్రలు ఏర్పడే విధానాన్ని వివరించండి.
2. చెక్కిన పాదాన్ని, సహజమైన పాదముద్రను ఎట్లా గుర్తిస్తారు?
3. పాలక్సీ ముద్రల చిక్కును నల్లరేగడి నేల ఉదాహరణతో సమన్వయించండి.
4. లేటోలీ ఉదంతం సందేహించేవారికి నేర్పే పాఠమేమిటి?