తుత్తునాగం: దేహంలో దాని పట్టు విడుపులు

మన రసశాస్త్రంలో యశదమని, వాడుకలో తుత్తునాగమని, నేటి వైద్యులు జింకు అని పిలిచే లోహం మన దేహంలో మొత్తం రెండు మూడు గ్రాములకు మించదు. అదీ విడిగా తిరుగదు; దాదాపు అంతటినీ మాంసకృత్తులు పట్టి ఉంచుతాయి. ఈ పట్టు ఎటువంటిదో సరిగా గ్రహించక నేనొక రోగి విషయంలో పొరబడ్డాను.

పట్టు అన్ని చోట్లా ఒక్క తీరుగా ఉండదు. ఎర్ర రక్తకణాలలోని కార్బానిక్ అన్‌హైడ్రేజ్ అనే ఎంజైములో జింకు ఉన్నదని కీలిన్, మాన్ అనే శాస్త్రజ్ఞులు 1940లో కనుగొన్నారు. అందులో మూడు హిస్టిడిన్లు జింకును బిగించి పట్టుకొంటాయి. నాలుగవ వైపున నీటి అణువు ఉంటుంది. జింకు ప్రభావం చేత ఆ నీరు ఒక హైడ్రోజన్ అయానును విడిచి, బొగ్గుపులుసు వాయువుతో కలిసి దానిని బైకార్బొనేటుగా మారుస్తుంది. జింకు మాత్రం తన చోటు విడువదు.

మెటలోథయోనిన్ తీరు వేరు. మార్గోషెస్, వాలీ అనువారు 1957లో దీనిని గుర్రపు మూత్రపిండాల నుండి వేరుచేశారు. అరవై పైచిలుకు అమైనో ఆమ్లాలు గల ఈ చిన్న మాంసకృత్తులో ఇరవై సిస్టీన్లు. ఒక్కొక్క సిస్టీనులో గంధకం. గంధకానికి లోహాలతో గల మైత్రి, కజ్జలితో తామ్రాన్ని నూరి పుటం పెట్టిన మా బోటి వారికి క్రొత్త కాదు. ఈ గంధకాలు ఏడు జింకు అయానులను నాలుగు, మూడుగా రెండు గుత్తులు చేసి పట్టుకొంటాయి. ప్రతి జింకు చుట్టూ నాలుగు గంధకాలు ఉండవలెను. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది గదా, ఇరవై ఎట్లు చాలునని పాఠకులు అడుగవచ్చు. కొన్ని గంధకాలు రెండేసి జింకుల నడుమ వంతెనలుగా నిలుస్తాయి.

పట్టు గట్టిదే కాని, మార్పిడికి అడ్డు రాదు. జింకు కావలసిన మాంసకృత్తు ఎదురైతే అప్పగిస్తుంది. ఆక్సీకరణం జరిగితే గంధకాలు తమలో తాము జతకట్టి జింకును విడిచిపెడతాయి. రాగి వచ్చిందా, జింకును వదలి రాగినే పట్టుకొంటుంది. నేను తెలుసుకొనవలసినది ఇదే.

నిస్సత్తువతో వచ్చిన ఒక గృహస్థుకు పాండురోగమని లోహభస్మం ఇచ్చాను. మూడు నెలలకూ గుణం కనిపించలేదు. పైగా పాదాలు తిమ్మిరెక్కుతున్నాయన్నారు. గుచ్చి అడిగితే, జుట్టు రాలుతున్నదని ఎవరో చెప్పగా ఏడాదిన్నరగా నిత్యం 100 మిల్లీగ్రాముల జింకు మాత్రలు మింగుతున్నట్లు తేలింది. మొదటి దినమే అడుగవలసిన ప్రశ్న అది. రక్తపరీక్షలో రాగి మిక్కిలి తక్కువ.

జింకు అధికమైతే చిన్నప్రేవుల గోడలోని కణాలు మెటలోథయోనిన్‌ను విరివిగా తయారు చేస్తాయి. అది ఆహారంలోని రాగిని పట్టివేస్తుంది. ఆ కణాలు కొద్ది దినాలలోనే రాలి మలంతో పోతాయి. రాగీ వాటితోనే పోతుంది. రాగి చాలనిదే ఇనుము రక్తంగా మారే పని సాగదు. రాగి పేరుకొనే విల్సన్ వ్యాధిలో వైద్యులు ఈ గుణాన్నే చికిత్సగా వాడుతారు.

రాగిచెంబు నీరు త్రాగితే సరిపోదా అని ఆయన అడిగారు. ప్రేవులలోనే పట్టుబడుతున్నప్పుడు ఆ కొద్దిపాటి రాగి ఏ మూలకు? మాత్రలు మాన్పించి ఆసుపత్రికి పంపాను. రక్తం కోలుకొన్నది, తిమ్మిరి పూర్తిగా పోలేదు.

భారత వైద్య పరిశోధనా మండలి 2020లో నిర్ణయించిన ప్రకారం పురుషులకు దినానికి 17, స్త్రీలకు 13.2 మిల్లీగ్రాముల జింకు చాలును. పప్పులు, నువ్వులలో అది ఉన్నది. నానబెట్టి మొలకెత్తించినా, పిండిని పులియబెట్టినా ఫైటేటు తగ్గి మరింత ఒంటబడుతుంది. యశదభస్మం గాని, జింకు మాత్రలు గాని వాడేవారు ఎంత, ఎన్నాళ్ళుగా అన్నది వైద్యుడు అడుగకున్నా చెప్పవలెను.