కూర్చున్నచోటనే గగనయానము



వేసవి సెలవుల పిమ్మట పదవ తరగతి బాలుడొకడు నా యొద్దకు వచ్చి, "అయ్యా, మా అన్న బెంగుళూరునుండి వీఆర్ హెడ్‌సెట్టు తెచ్చినాడు. దానిని కంప్యూటరునకు కలిపి విమానము నడపవచ్చునట. కాని పెట్టెలోని పుస్తకమంతయు ఇంగ్లీషే. తెలుగు మీడియమువారికి ఇట్టివి అందవేమో" అనెను. మొదటి మాట విని సంతోషించితిని. చివరి మాట విని మనసు నొచ్చుకొంటిని. యంత్రము పనిచేయు తీరును ఏ భాషలోనైనను తెలిసికొనవచ్చును. ఆ బాలునికి చెప్పిన పాఠమునే మీ కొరకును, మీ తల్లిదండ్రుల కొరకును ఇచట వ్రాయుచున్నాను.

1. రెండు కన్నులెందుకు?

మొదట ఒక చిన్న పరీక్ష చేయుడు. రెండు చేతులతో రెండు పెన్సిళ్లు పట్టుకొని, చేతులు చాచి, వాని మొనలు రెండును ఒకదానినొకటి తాకునట్లు దగ్గరకు తెండు. సులభముగా తాకును. ఇప్పుడు ఒక కన్ను మూసి అదే పని చేయుడు. మొనలు ఒకదానినొకటి తప్పిపోవుట గమనింతురు.

మన కన్నులు రెండును ఇంచుమించు 6 సెంటీమీటర్ల ఎడముగా ఉన్నవి. అందుచేత దగ్గరనున్న వస్తువు ఒక్కొక్క కంటికి కొంచెము వేరుగా కనబడును. మెదడు ఆ రెండు రూపములను కలిపి, వాని భేదమునుబట్టి దూరమును గ్రహించును. 1838 సంవత్సరమున చార్లెస్ వీట్‌స్టన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రెండు అద్దములతో ఒక పరికరమును నిర్మించి, కాగితముపై గీసిన రెండు బొమ్మలను ఒక్కొక్క కంటికి వేరువేరుగా చూపి, ఘనరూపమును కల్పించెను. నేటి హెడ్‌సెట్టు దాని మునిమనుమడే. ఇందు కాగితపు బొమ్మలకు బదులు రెండు చిన్న తెరలు, వాని ముందు రెండు కటకములు ఉండును. తల త్రిప్పినప్పుడు ఆ చలనమును కనిపెట్టి, దృశ్యమును తదనుగుణముగా మార్చు సాధనములు కూడ దానియందే కలవు.

2. నేలపై ఎగురుట కొత్త కాదు

అమెరికాలో ఎడ్విన్ లింక్ అను యువకుడు తన తండ్రి ఆర్గన్ వాద్యముల కర్మాగారములో పని నేర్చినవాడు. వాద్యములకు గాలినూదు తిత్తులనే ఉపయోగించి, అటునిటు ఒరుగు చిన్న విమానపు పెట్టెను 1920 దశకము చివర అతడు నిర్మించెను. మొదట దానిని వేడుక వస్తువుగనే చూచిరి. 1934లో టపా మోయుటకు నియుక్తులైన సైనిక వైమానికులు చెడు వాతావరణములో వరుసగా మరణించిన పిమ్మట, అమెరికా సైన్యము దాని విలువ గ్రహించి ఆరింటిని కొనెను. తప్పు చేసినను ప్రాణము పోని చోట తప్పులు చేసి నేర్చుకొనుటయే దాని ప్రయోజనము.

1968లో ఐవన్ సదర్లాండ్ తలకు తగిలించు కంప్యూటరు తెరను తయారుచేసెను. 1979లో బ్రూస్ ఆర్ట్‌విక్ ఇంటి కంప్యూటరుపై నడచు విమానయాన ప్రోగ్రామును విడుదల చేసెను. ఈ రెండు పాయలును క్రమముగా కలిసినవి. 2020 డిసెంబరులో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటరు హెడ్‌సెట్టుతో చూచుటకు వీలు కల్పించెను. 2021లో ఐరోపా విమానయాన భద్రతా సంస్థ, హెడ్‌సెట్టుతో పనిచేయు ఒక హెలికాప్టరు శిక్షణ యంత్రమును మొట్టమొదటిసారిగా ఆమోదించెను.

3. కంప్యూటరు మోయవలసిన బరువు

ఒక చిన్న లెక్క చేయుదము. సామాన్యమైన కంప్యూటరు తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలుండును. మొత్తము 20,73,600. మెటా క్వెస్ట్ 3 అను హెడ్‌సెట్టులో ఒక్కొక్క కంటికి 2064, 2208 చొప్పున, రెండు కన్నులకు 91,14,624 చుక్కలు. అనగా నాలుగు రెట్లకు మించినది. సెకనుకు 90 చిత్రములు చూపవలెనన్న, ఒక్కొక్క చిత్రమునకు దొరకు కాలము సెకనులో 90వ వంతు మాత్రమే. కావున ఆటలకు తగిన మంచి గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటరు ఈ పనికి చాలదు. తల్లిదండ్రులు హెడ్‌సెట్టు కొనుటకు ముందే ఈ సంగతి తెలిసికొనవలెను. లేనిచో ఆ సొమ్ము అలమారలో పడియుండును.

4. అమర్చు విధానము

క్వెస్ట్ 3ను ఉదాహరణముగా తీసికొందము.

మొదటిది: హెడ్‌సెట్టు లేకుండ, మామూలు తెరపైననే సిమ్యులేటరును నడపి చూడుడు. జాయ్‌స్టిక్కు సరిగా పనిచేయవలెను. చిత్రము తడబడరాదు. ఇచట నడువనిది హెడ్‌సెట్టుతో నడువదు.

రెండవది: మీ కనుపాపల నడిమి దూరమును కొలువుడు. అద్దము ముందు నిలిచి, స్కేలును కనుబొమలకు ఆనించుడు. కుడికన్ను మూసి, సున్న గీతను ఎడమ కనుపాప నడుమకు సరిచేయుడు. స్కేలు కదలనీయక, ఎడమకన్ను మూసి కుడికన్ను తెరచి, కుడి కనుపాప నడుమనున్న అంకెను చదువుడు. పెద్దలలో అది సగటున 63 మిల్లీమీటర్లు. హెడ్‌సెట్టు అడుగునగల చక్రమును త్రిప్పి కటకములను ఆ దూరమునకు జరుపుడు. ఈ ఒక్క పని మరచినచో చిత్రము మసకగా తోచి తలనొప్పి కలుగును.

మూడవది: తయారీదారులు ఇచ్చు లింక్ ప్రోగ్రామును కంప్యూటరులో చేర్చి, పెద్దల ఖాతాతో తెరువుడు. దాని సెట్టింగులలో ఓపెన్ ఎక్స్‌ఆర్ అను అంశము కలదు. సిమ్యులేటరుకును హెడ్‌సెట్టుకును నడుమ దుబాసీ అదియే. ఈ ప్రోగ్రామునే ఆ పనికి నియమింపవలెను. అది మరచినచో, అన్నియు సరిగా నున్నను సిమ్యులేటరుకు హెడ్‌సెట్టు కనబడదు.

నాలుగవది: యూఎస్‌బీ 3 కేబులుతో రెండింటిని కలుపుడు. వైఫై ద్వారా కలుపదలచినచో రౌటరు అదే గదిలో నుండి, కంప్యూటరు దానికి తీగతో కలిసియుండుట మేలు.

ఐదవది: ఎదుటి దృశ్యమును తలకెత్తుకొన్న పిమ్మట కీబోర్డు కనబడదు. కావున బ్రేకులు, ఫ్లాపులు, దృశ్యమును మరల నడుమకు తెచ్చు ఆజ్ఞ, ఇవన్నియు జాయ్‌స్టిక్కు బొత్తాములకే ముందుగా అప్పగింపుడు. చేతికి దొరకు బొత్తామే కంటికి బదులు.

ఆరవది: మేఘములు, నీడలు మొదలగు అలంకారములను తగ్గించి ఆరంభింపుడు. సెకనుకు 90 చిత్రములు అందనిచో 72ను ఎన్నుకొనుడు. అందమైన తడబాటుకన్న సాధారణమైన నిలుకడ మేలు. నిలుకడ కుదిరిన పిమ్మట ఒక్కొక్క అలంకారమును పెంచుకొనవచ్చును.

5. వికారము, దాని కారణము

మన లోపలిచెవిలో శరీరపు కదలికను తెలుపు అర్ధవృత్తాకార నాళికలు కలవు. విమానము మలుపు తిరుగుచున్నదని కన్ను చెప్పును. కుర్చీ కదలలేదని చెవి చెప్పును. ఈ సాక్ష్యముల విరోధమే వికారమునకు కారణము. నేను మొదటిసారి ధరించినప్పుడు కటకములను సరిచేయకయే తొందరపడి, చిన్న విమానమును గిరగిర త్రిప్పితిని. కొద్ది నిమిషములలోనే చెమటలు పట్టినవి. ఓర్చుకొందమనుకొంటిని. ఆ సాయంకాలము అన్నము తినలేకపోతిని. ఓర్చుకొనుట ఇచట గొప్ప కాదు. మొదటి దినము పది నిమిషములు చాలును. కడుపులో తిప్పినట్లు తోచిన మరుక్షణమే తీసివేయవలెను.

చక్రములు లేని కుర్చీలో కూర్చుండుడు. చేయి చాచినంత మేర నీళ్లచెంబు గాని, గాజుపాత్ర గాని ఉంచరాదు. కటకములపై ఎండ పడనీయరాదు, అవి భూతద్దమువలె లోపలి తెరను కాల్చును. వానిని మెత్తని పొడిగుడ్డతోనే తుడువవలెను. పెట్టెపై తయారీదారు సూచించిన వయస్సును తల్లిదండ్రులు తప్పక చూడవలెను. కంటి జబ్బుగాని మూర్ఛగాని ఉన్నవారు వైద్యుని అడుగక ధరింపరాదు.

6. దీనివలన ఏమి నేర్తుము?

రెండు కన్నుల భేదము దూరపు కొండకు అంతగా పనిచేయదు. కాని చేతికందు దూరములోని పరికరముల పలకకు చక్కగా పనిచేయును. మలుపు తిరుగునప్పుడు మెడ త్రిప్పి, భుజము మీదుగా రన్‌వేను చూచుకొనుట మామూలు తెరపై సాధ్యము కాదు. ఇందు సాధ్యమగును. సెస్నా 172 వంటి చిన్న విమానముతో, నిర్మలమైన ఆకాశములో, ఒకే ఎత్తున నేరుగా పోవుట మొదట నేర్వుడు. పిమ్మట మలుపు, ఆ పిమ్మట అవతరణము.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇంటిలో ఎగిరిన గంటలు పైలటు లైసెన్సు లెక్కలోనికి రావు. మన దేశమున వాణిజ్య లైసెన్సునకు 200 గంటలు ఎగురవలెను. వాని వ్యయము వేరు, శ్రమ వేరు. కావున దీనిని భవిష్యత్తునకు పెట్టుబడియని అప్పుచేసి కొనవద్దు. ఉన్నవారింట ఉన్నచో, నలుగురు పిల్లలు వంతులవారీగా నేర్చుకొనవచ్చును.

ఆ బాలుడు మొదటి దినము రన్‌వే దాటి పొలములో దిగెను. వారములు గడచిన పిమ్మట నడిమి గీతపైననే దింపెను. అతడు బయలుదేరుటకు ముందు సరిచూచుకొనవలసిన అంశములన్నియు తెలుగులో ఒక కాగితముపై వ్రాసికొనియుండెను: ఇంధనము, ఫ్లాపులు, బ్రేకులు, గాలి దిక్కు, రన్‌వే అంకె. ఒక్కొక్కటి పైకి చదివి, వ్రేలితో తాకి, పిమ్మటనే కదలెను. "తెలుగు మీడియమువారికి అందదు" అన్న మాట మరల అతని నోట నేను వినలేదు.

అభ్యాసము

1. ఒక కన్ను మూసినప్పుడు పెన్సిలు మొనలు తప్పుటకు కారణమేమి?
2. మీ ఇంటిలోని ముగ్గురి కనుపాపల దూరమును కొలిచి పట్టిక వ్రాయుడు.
3. సెకనుకు 72 చిత్రములైనచో ఒక్కొక్క చిత్రమునకు ఎన్ని మిల్లీసెకనులు దొరకును?
4. మీరు ప్రతిదినము చేయు ఏదేని పనికి, ఆరంభమునకు ముందు సరిచూచుకొనవలసిన అంశములను తెలుగులో వ్రాయుడు.