డెవలప్‌మెంట్ నుంచి ప్రొడక్షన్ దాకా.. డేటాబేస్ మైగ్రేషన్‌పై పట్టుందా?

ఫైనలియర్ ప్రాజెక్టులో విద్యార్థుల టేబుల్‌కి ఫోన్ నంబరు కాలమ్ చేర్చాలి. ఖాళీ ఉండకూడదని ‘నాట్ నల్’ పెట్టి, పోస్ట్‌గ్రెస్‌లో ఒక్క ఆల్టర్ టేబుల్ కమాండ్ ఇచ్చారు. మీ ల్యాప్‌టాప్‌లో ఆ టేబుల్ ఖాళీగా ఉంది కాబట్టి ఇట్టే పనైపోయింది. అదే కమాండ్‌ని లక్ష మంది వివరాలున్న టేబుల్ మీద నడిపి చూడండి. ఎర్రర్ వస్తుంది. పాత లక్ష వరుసల్లో ఫోన్ నంబరు లేదు కదా! కమాండ్ మారలేదు, దాని కింద ఉన్న డేటా మారింది. డేటాబేస్‌లో ఇలాంటి మార్పును డెవలప్‌మెంట్ నుంచి టెస్ట్ మీదుగా ప్రొడక్షన్‌కు తీసుకెళ్లడమే మైగ్రేషన్. దాని ప్లానింగ్ అంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది. బ్యాకెండ్ డెవలపర్, డీబీఏ, డెవాప్స్ ఇంజినీర్.. వీటిలో ఏ కొలువు కోరుకున్నా ఇది తెలిసి తీరాలి.

డెవలప్‌మెంట్: మార్పు ఫైల్లో ఉండాలి

డేటాబేస్‌లోకి వెళ్లి చేత్తో మార్చేయకండి. ప్రతి మార్పునూ వెర్షన్ నంబరుతో ఫైలుగా రాసి గిట్‌లో పెట్టండి. ఫ్లైవే, లిక్విబేస్ లాంటి టూల్స్ ఆ ఫైళ్లను వరుసగా నడిపి, ఏవి నడిచాయో ఆ డేటాబేస్‌లోనే ఒక టేబుల్లో రాసుకుంటాయి. ఒకసారి నడిచిన ఫైలును దిద్దకూడదు. తప్పు దొర్లితే కొత్త ఫైలు రాయాలి.

ఫోన్ కాలమ్‌నే తీసుకుంటే పని మూడు విడతలు. మొదట ఖాళీలను అనుమతిస్తూ కాలమ్ చేర్చాలి. కొత్తగా చేరేవారి నంబర్లు అందులో పడేలా అప్లికేషన్‌ను మార్చి, పాతవారి నంబర్లను అడ్మిషన్ల టేబుల్ నుంచి కొన్ని వేల వరుసల చొప్పున నింపాలి. ఒక్క ఖాళీ కూడా లేదని తేలాకే నాట్ నల్ పెట్టాలి.

టెస్ట్: అసలుకు అద్దం

పది వరుసలతో చేసే పరీక్ష ఏమీ చెప్పదు. టెస్ట్‌లో డేటా ప్రొడక్షన్ అంత ఉండాలి. అయితే అసలు పేర్లు, ఫోన్ నంబర్లు కనిపించకుండా మాస్క్ చేయాలి. ప్రతి ఫైలుకు ఎంతసేపు పట్టింది, ఆ సమయంలో టేబుల్ లాక్ అయిందా అన్నది రాసుకోండి.

వెనక్కి రావడం కూడా ఇక్కడే సాధన చేయాలి. పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్ మార్పులను చాలావరకు ట్రాన్సాక్షన్‌లో ఉంచి రోల్‌బ్యాక్ చేయొచ్చు. మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్‌లో అవి వెంటనే కమిట్ అయిపోతాయి. ఇంటర్వ్యూలో అడగదగ్గ ప్రశ్న ఇది.

ప్రొడక్షన్: బ్యాకప్‌ను తెరిచి చూశారా?

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీర్, సెకండరీ (నకలు) సర్వర్ అనుకుని ప్రైమరీ (అసలు) సర్వర్‌లోని డేటా డైరెక్టరీని తొలగించారు. సుమారు 300 జీబీ పోయింది. రోజూ తీస్తున్నామనుకున్న బ్యాకప్, పోస్ట్‌గ్రెస్ వెర్షన్ల తేడాతో విఫలమవుతున్నా ఎవరికీ తెలియలేదు. స్టేజింగ్‌లో పరీక్షల కోసం 6 గంటల ముందు తీసిన స్నాప్‌షాటే ఆదుకుంది. ఆ 6 గంటల డేటా మాత్రం తిరిగి రాలేదు. ఈ వివరాలన్నీ ఆ సంస్థే బయటపెట్టింది.

అందుకే బ్యాకప్ తీయడంతో ఆగకుండా, దాన్ని వేరేచోట రీస్టోర్ చేసి చూడాలి. టెస్ట్‌లో నడిచిన ఫైలే ఒక్క అక్షరం మారకుండా ఇక్కడా నడవాలి. ఎవరు నడుపుతారు, ఎవరు సరిచూస్తారు, ఎంతసేపటికి పూర్తికాకపోతే వెనక్కి వెళ్లాలి.. ఇవి ముందే కాగితం మీద ఉండాలి. పూర్తయ్యాక వరుసల సంఖ్యను పోల్చి చూడాలి.

ఇంట్లోనే సాధన

మీ ల్యాప్‌టాప్‌లో పోస్ట్‌గ్రెస్ వేసుకుని డెవ్, టెస్ట్, ప్రొడ్ అని మూడు డేటాబేస్‌లు తయారుచేయండి. జనరేట్ సిరీస్ ఫంక్షన్‌తో 10 లక్షల వరుసలు నింపండి. అయిదు మైగ్రేషన్లు రాసి మూడింటిలోనూ వరుసగా నడపండి. తర్వాత పీజీ డంప్‌తో బ్యాకప్ తీసి, ప్రొడ్‌ను మీ చేత్తోనే తొలగించి, మళ్లీ నిలబెట్టండి. ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. ఫైళ్లు, ప్లాన్, ఎదురైన ఎర్రర్లు అన్నీ గిట్‌హబ్‌లో ఉంచండి.

‘మైగ్రేషన్ మధ్యలో ఆగిపోతే ఏం చేస్తావ్?’ అని ఇంటర్వ్యూలో అడిగితే పుస్తకంలోని నిర్వచనం వెతుక్కోనక్కర్లేదు. మీరు స్వయంగా ఒక డేటాబేస్‌ను కూల్చి నిలబెట్టారు. ఆ రోజు ఏం జరిగిందో, ఎన్ని నిమిషాలు పట్టిందో చెప్పండి.